కట్టబోవు భవనమును ఊరి పటములో ముందుగా చూచుట

గ్రామ పంచాయతీ చేయు పనులలో పెక్కు, తప్పు జరిగినచో మరల సరిదిద్దుకొనదగినవే. పన్ను సరిగా విధింపబడనిచో మరుసటి ఏట మార్చుకొనవచ్చును. వీధి దీపము చాలనిచోట మరియొక దీపము పెట్టుకొనవచ్చును. భవనము అట్టిది కాదు. ఒకమారు గోడలు లేచిన పిమ్మట, అది మంచిచోట లేచినను, కానిచోట లేచినను రెండు మూడు తరములవారు దానితోనే కాలము గడపవలెను. పాఠశాల, అంగన్‌వాడీ, గిడ్డంగి, ఆరోగ్య ఉపకేంద్రము, పంచాయతీ కార్యాలయము మొదలగువానికి ఊరిలో చోటు చూపుమని అధికారులు మొదట అడుగునది సాధారణముగా పంచాయతీనే. కావున ఆ ఒక్క తీర్మానము ఎంతో జాగ్రత్తతో చేయదగినది.

తీర్మానమునకు ముందే, రాబోవు భవనము మన వీధిలో ఎట్లు నిలుచునో, ప్రక్క ఇండ్లకు, దారులకు, నీటికి, ఎండకు అది ఏమి చేయునో కన్నులార చూడగలిగినచో ఎంతో మేలు. నేడది సాధ్యమైనది. కంప్యూటరులోని ఊరి పటముపై భవనపు నమూనాను దాని కొలతలతో, ఎత్తుతో నిలిపి, నలువైపులనుండి చూచు పద్ధతి నగరములను దాటి గ్రామములకును అందుబాటులోనికి వచ్చినది. ఈ పద్ధతి ఎట్టిదో, దానివలన ఏమి తెలియునో, ఎచ్చట అది మనలను మోసగింపగలదో పంచాయతీ సభ్యులకు వివరించుట ఈ వ్యాసమునందలి మా ఉద్దేశము.

ప్లాను కాగితము చెప్పనిది

ఇంజనీరు తెచ్చు కాగితములో మూడు విధములైన బొమ్మలుండును. పైనుండి చూచినట్లు గదుల అమరికను తెలుపునది ప్లాను. ఎదుటనుండి చూచినట్లు గోడలను, కిటికీలను, ఎత్తును తెలుపునది ఎలివేషను. భవనమును నిలువునా కోసినట్లు పునాది మొదలు కప్పువరకు తెలుపునది సెక్షను. ఇవి లేనిదే మేస్త్రీకి పని సాగదు; అంచనా వేయువారికి లెక్క తేలదు.

అయినను ఈ మూడింటికిని ఒక లోపము కలదు. స్థలపు హద్దు దగ్గర బొమ్మ ఆగిపోవును. హద్దునకు ఆవల ఉండునది తెల్లకాగితము మాత్రమే. నిజమునకు ఊరంతయు ఆ తెల్లకాగితమునందే ఉన్నది. రైతులు ధాన్యమారబోయు కల్లము, వాన నీరు జారు పల్లము, పశువులు చెరువునకు పోవు డొంక, ఊరి చివరి కాలనీ పిల్లలు బడికి వచ్చు కాలిబాట — ఇవి యేవియు ప్లానులో కానరావు. భవనము తన హద్దులో తాను చక్కగానే ఉండవచ్చును. కాని ఆ హద్దునకు ఆవలివారికి అది చేయు మేలు గాని కీడు గాని కాగితము చెప్పదు.

ఇంకొక సంగతి కలదు. ప్లాను చదువుట ఒక విద్య. అది రానివారు తెలివి తక్కువవారు కారు; వారికి నేర్పినవారు లేరు, అంతియే. సభలో కాగితము చేతులు మారును, అందరును తల యూపుదురు, తీర్మానము ముగియును. గోడలు లేచిన తరువాతగాని "ఇది ఇంత ఎత్తా? మా వాకిటికి ఎండ రాదే!" అను మాట పుట్టదు. అప్పటికి సిమెంటు గట్టిపడి యుండును. ఎరిగి ఇచ్చినదే సమ్మతి. ఎరుగక ఊపిన తల సమ్మతి కాజాలదు.

మన ఊరికి నేడున్న పటములు

భవనమును చుట్టుప్రక్కలతో కలిపి చూపుటకు మొదట ఆ చుట్టుప్రక్కల పటము కావలెను. పూర్వపు సర్వేలలో పొలములను మడిమడికి కొలిచి నంబర్లు వేసిరి. కాని ఇండ్లున్న భాగమును పెక్కు గ్రామములలో గ్రామకంఠముగా ఒకే ముద్దగా విడిచిపెట్టిరి. ఎవరి ఇల్లు ఎంతవరకో, వీధి వెడల్పెంతో ఆ పటములలో లేదు. పొలము తగవు తీర్చుటకు పనికివచ్చు పటము వీధి తగవు తీర్చుటకు పనికిరాకపోయెను.

ఈ కొరత తీర్చుటకై కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకమును ప్రారంభించినది. డ్రోనులనబడు మానవరహిత విమానములు ఊరిపై ఎగిరి ఛాయాచిత్రములు తీయగా, సర్వే ఆఫ్ ఇండియా వానినుండి పెద్ద కొలత గల పటములను తయారుచేయును. ఈ పటముల కొలత ఒకటికి ఐదువందలు. అనగా పటముపై ఒక సెంటీమీటరు నేలపై ఐదు మీటర్లకు సమానము. ఇంటి అరుగు సైతము ఇందు గుర్తింపవచ్చును.

ఆకాశమునుండి తీసిన చిత్రములు కావలసినచో హైదరాబాదునందలి జాతీయ దూరసంవేదన కేంద్రము 2009 ఆగస్టునుండి 'భువన్' అను పేర వానిని ప్రజలకు అందించుచున్నది. ఉపగ్రహములు పంపు సంకేతములను అందుకొను ఈ సంస్థవారి కేంద్రము షాద్‌నగర్‌లో ఉన్నది. 1959 అక్టోబరులో నాటి ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ విధానమునకు ప్రారంభోత్సవము జరిగినదియు ఆ షాద్‌నగర్‌లోనే. ఊరి పాలన ఊరి చేతికి వచ్చిన చోటనే ఊరి చిత్రమును సైతము ఆకాశమునుండి దిగివచ్చుచున్నది. ఇవికాక, గ్రామ ప్రణాళికలను పటముపై చూచి వేసికొనుటకు 'గ్రామ మానచిత్ర' అను సాధనమును పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖయే ఏర్పరచినది.

భవనమును పటముపై నిలుపు విధము

పటము సిద్ధమైన పిదప దానిపై భవనమును నిలుపుటకు నాలుగు విషయములు తెలియవలెను: చోటు, దిశ, కొలతలు, ఎత్తు. భూమిపై ఏ చోటునైనను అక్షాంశము, రేఖాంశము అను రెండు అంకెలతో గుర్తింతురు. స్థలపు నాలుగు మూలల అంకెలను కంప్యూటరున కిచ్చినచో భవనపు అడుగు పటముపై ఏర్పడును. ఆ అడుగును కావలసిన ఎత్తునకు పైకి లేపినచో పెట్టెవంటి ఆకారము నిలుచును. గూగుల్ ఎర్త్ ప్రో వంటి సాధనములో ఈ మాత్రపు పనిని కొంచెము అలవాటున్నవారెవరైనను చేయగలరు. గదులు, మెట్లు, వసారాలు గల పూర్తి నమూనా కావలసినచో ఇంజనీర్లు స్కెచ్అప్ వంటి సాధనములో దానిని తయారుచేసి పటములోనికి తెత్తురు. క్యూజీఐఎస్ అను మరియొక సాధనము వెల లేకుండ ఎవరికైనను లభించును.

చోటు చూచి నిర్ణయించుటకు పూర్తి నమూనా అక్కరలేదని మా అభిప్రాయము. కిటికీలు, రంగులు లేని ఉత్త పెట్టె చాలును. పెట్టె చిన్నదా పెద్దదా, దారికి అడ్డమా కాదా అనునదే మొదటి ప్రశ్న. రంగులు వచ్చినచో దృష్టి రంగులపైకి పోవును.

అంకెల విషయమున మూడు జాగ్రత్తలు అవసరము.

మొదటిది: అంకెల వరుస. కొన్ని సాధనములు అక్షాంశమును ముందడుగును. కొన్ని రేఖాంశమును ముందడుగును. విజయవాడ ప్రాంతపు అక్షాంశము సుమారు 16న్నర డిగ్రీలు, రేఖాంశము సుమారు 80న్నర డిగ్రీలు. ఈ రెండును తారుమారైనచో మన పంచాయతీ భవనము ఉత్తర ధ్రువమునకు చేరువగా, స్వాల్బార్డు దీవుల దగ్గర మంచు సముద్రములో తేలును. ఇంత పెద్ద తప్పు వెంటనే కనబడును. చిన్న తప్పులే కనబడవు.

రెండవది: చరవాణి చూపు అంకెలు. చెట్లు, మేడలు అడ్డులేని బయటిలో సైతము సాధారణ చరవాణి ఐదు మీటర్ల వరకు తప్పు చూపవచ్చును. ఐదు మీటర్లనగా ఒక వీధి వెడల్పు. భవనము ఏ వైపున రానున్నదో చూచుటకు చరవాణి చాలును. ఎవరి హద్దు ఎంతవరకో తేల్చుటకు ఎంతమాత్రమును చాలదు. హద్దును సర్వేయరు తన పరికరముతో కొలిచి చూపవలెను.

మూడవది: పాత పటముల అంకెలు. సర్వే ఆఫ్ ఇండియావారి పాత పటములు 1830 నాటి ఎవరెస్టు లెక్కను అనుసరించి వేసినవి. ఉపగ్రహ సాధనముల లెక్క వేరు. పాత అంకెలను మార్పు చేయక నేరుగా క్రొత్త పటముపై వేసినచో మన ప్రాంతములో భవనము వంద మీటర్లకు పైగా జరిగి నిలుచును. అనగా బడి పోయి ప్రక్క వీధిలో కనబడును. కావున "ఈ అంకెలు ఏ లెక్కలోనివి?" అని సర్వేయరును అడుగుట సభ్యులకు తెలిసియుండవలెను.

నీడ ఎంతదూరము పోవును?

చుట్టుప్రక్కలతో కలిపి చూచుటవలన తెలియు మొదటి విషయము నీడ. ఒక గ్రామమును ఊహింతము. అది విజయవాడ అక్షాంశముననే ఉన్నదనుకొందము. అందు కల్లమునకు దక్షిణపు వైపున ఖాళీస్థలము కలదు. అచ్చట రెండంతస్తుల పంచాయతీ భవనము కట్టదలచిరి. పైనున్న నీళ్ల ట్యాంకుతో కలిపి దాని ఎత్తు పది మీటర్లు. మే నెలలో సభ్యులందరును మధ్యాహ్నమున పోయి స్థలము చూచిరి. ఆ నెలలో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉండును. నీడ యను మాటయే ఎవరికిని తోచదు. జూను 21న సైతము ఆ భవనపు మధ్యాహ్నపు నీడ ఒక మీటరుకు కొంచెము మించి, అదియు దక్షిణమునకే పడును.

డిసెంబరు 22 నాటి మధ్యాహ్నము చూచినచో సంగతి వేరు. ఆనాడు సూర్యుడు దక్షిణమునకు వంగి, దిగంతమునకు సుమారు 50 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉండును. పది మీటర్ల భవనపు నీడ ఉత్తరమునకు ఎనిమిది మీటర్లు మించి పోవును. ఉదయము ఎనిమిది గంటలకు అదే నీడ వాయవ్యమునకు దాదాపు ముప్పది మీటర్లు సాగును. వరి కోతలు ముగిసి, కల్లములో ధాన్యము ఆరవలసిన దినములవి. మంచు తడి విడువవలసిన ప్రొద్దుటి ఎండ కల్లములో చాలభాగమునకు అందదు. తేమ ఎక్కువైన ధాన్యమునకు ధర తగ్గును. ఆ నష్టము ఏ అంచనా కాగితములోను వ్రాయబడదు. కాని ప్రతి ఏటను రైతు చేతినుండి పోవును.

అదే భవనమును కల్లమునకు ఉత్తరపు వైపున నిలిపినచో కోతల కాలపు నీడ కల్లముపై పడదు. ఖర్చు ఒకటే, ఇటుక ఒకటే, కాంట్రాక్టరు ఒకరే. మారినది చోటు మాత్రమే. స్కెచ్అప్ వంటి సాధనములో ఊరి అక్షాంశము, తేదీ, గంట ఇచ్చినచో నీడ ఎచ్చటివరకు పోవునో తెరపై కనబడును. డిసెంబరు నీడను మే నెలలోనే చూడవచ్చును. సింగపూరు ప్రభుత్వము 2014లో ప్రకటించిన 'వర్చువల్ సింగపూర్' అను పథకమున నగరమంతటికిని కంప్యూటరులో ఇట్టి నమూనాను నిర్మింప దలపెట్టిరి. ఏ కప్పుపై ఎంత ఎండ పడునో లెక్కించి సౌర ఫలకములను అమర్చుట దాని ఉద్దేశములలో ఒకటి. నగరమునకు సౌర ఫలకమెట్లో పల్లెకు కల్లమట్లు.

నీరు పోవు దారి

రెండవ విషయము నీరు. ఇది నీడకంటె ముఖ్యమైనది. నీడ నష్టము కలిగించును, నీరు ప్రాణమునే తీయగలదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో పెక్కు కాలనీలను ముంచివేసిన సంగతి అందరికిని తెలిసినదే. నీటికి దారి కావలెను. మనము ఆ దారిలో ఇల్లు కట్టితిమని నీరు తన దారిని మార్చుకొనదు.

ఉపగ్రహ చిత్రముపై భవనమును నిలిపి చూచునపుడు మొదట అడుగవలసినది: "ఈ చిత్రము ఏ నెలలో తీసినది?" వేసవిలో తీసిన చిత్రములో చెరువు శిఖము ఎండి, చదునైన మంచి మైదానమువలె కనబడును. ఇంత విశాలమైన ఖాళీస్థలము ఊరి ప్రక్కననే ఉండగా వేరుచోట వెదకుట ఎందులకని ఎవరికైనను తోచును. అదే చోటును అక్టోబరు, నవంబరు నెలలలో చూచినచో అది నీటితో నిండియుండును. గూగుల్ ఎర్త్ ప్రో అను సాధనములో గత సంవత్సరముల చిత్రములను సైతము తెరచి చూడవచ్చును. కనీసము ఒక వేసవి చిత్రమును, వానలు బాగుగా కురిసిన ఒక ఏటి చిత్రమును ప్రక్కప్రక్కన పెట్టి చూడనిదే స్థలము నిర్ణయింపరాదు.

ఇక ఎత్తుపల్లముల సంగతి. 2005 మే 5న శ్రీహరికోట నుండి ప్రయోగింపబడిన కార్టోశాట్-1 ఉపగ్రహమునకు రెండు కెమెరాలు కలవు. ఒకటి ముందుకు 26 డిగ్రీలు, రెండవది వెనుకకు 5 డిగ్రీలు వంగి ఒకే నేలను రెండు కోణములనుండి చిత్రించినవి. మన రెండు కన్నులు కలిసి దూరమును పసిగట్టునట్లు ఆ రెండు చిత్రములనుండి నేల ఎత్తును లెక్కకట్టిరి. ఈ లెక్క భువన్‌లో లభించును. దీనిని పటమునకు జోడించినచో కొండ కొండవలె, వాగు వాగువలె లేచి కనబడును.

అయితే ఈ లెక్క సుమారు ముప్పది మీటర్ల కొక బిందువు చొప్పున వేసినది. అందు కొన్ని మీటర్ల వరకు తేడా ఉండవచ్చును. నల్లమల అంచున ఉన్న ఊరికి ఇది కొంతవరకు పనికివచ్చును. కృష్ణా గోదావరి డెల్టాలలోని ఊళ్లకు ఇది చాలదు. అచ్చట ఒక అడుగు ఎత్తు తేడాయే నీరు ఇటు పోవునా అటు పోవునా అనునది తేల్చును. తెరపై నేల చదునుగా కనబడినంత మాత్రమున నిజముగా చదునని నమ్మరాదు. ఇంజనీరుచేత లెవెలు పరికరముతో కొలిపించి, ఆ అంకెలనే పటములో వేయింపవలెను.

పరికరముకంటె ముందు ఊరి పెద్దలను అడుగవలెను. దివిసీమలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచినవారు నీరు ఎంత ఎత్తు వచ్చినదో నేటికిని చూపగలరు. ప్రతి ఊరిలోను అట్టి గుర్తు ఏదో ఒకటి ఉండును: రావిచెట్టు మొదలు, గుడి మెట్టు, పాత బడి గోడ. ఆ గుర్తులను పటముపై చుక్కలుగా పెట్టించినచో ఉపగ్రహమునకు తెలియని సంగతి పటమునకు తెలియును.

అందమైన బొమ్మ విషయమున జాగ్రత్త

కట్టక ముందే చూపు విద్య కంప్యూటరుతో పుట్టినది కాదు. హంఫ్రీ రెప్టన్ అను ఆంగ్లేయుడు (1752-1818) ధనికుల ఎస్టేటులను, తోటలను తీర్చిదిద్దుట వృత్తిగా గలవాడు. ఆయన తన సూచనలను ఎర్ర తోలు అట్ట గల పుస్తకములుగా కుట్టి యజమానుల కిచ్చెడివాడు. అందు బొమ్మపై ఒక కాగితపు రెక్క అంటించియుండును. రెక్క మూసియున్నపుడు కనబడునది నేటి దృశ్యము. రెక్క ఎత్తినచో రేపటి దృశ్యము. నేడు మనము తెరపై మీట నొక్కి చేయునది ఆనాడు ఆయన కాగితపు రెక్కతో చేసెను.

1816లో ప్రచురించిన గ్రంథములో రెప్టన్ తన సొంత ఇంటి ముంగిటినే ఇట్లు చూపెను. మొదటి బొమ్మలో ఇంటి ముందు ఊరి ఉమ్మడి బయలు, కంచెకు ఆవల ఒక బిచ్చగాడు, ఎదుట మాంసపు దుకాణము కనబడును. రెక్క ఎత్తిన పిమ్మట కంచె ముందుకు జరిగినది. ఉమ్మడి బయలులో ఇరువది ఐదు గజములు ఆయన తోటలో కలిసినది. దుకాణము పూలతీగల మరుగున పడినది. బిచ్చగాడు లేడు! బొమ్మ ఎంతో అందముగా నున్నది. కాని ఆ అందమునకై ఊరు ఏమి పోగొట్టుకొన్నదో చూడవలెనన్నచో రెక్కను మరల మూసి, రెండు బొమ్మలను సరిపోల్చవలెను.

పంచాయతీ సభ్యులు గ్రహింపవలసిన పాఠము ఇదియే. చూపెడి బొమ్మలో ఏమున్నదో చూచుట సులభము. ఏమి లేదో చూచుట కష్టము. నిన్నటివరకు ఉన్న కాలిబాట రేపటి బొమ్మలో ఉన్నదా? చావిడి ముందరి కూరగాయల బండ్లు ఉన్నవా? పోరంబోకు స్థలము ఎవరి ప్రహరీలోనికైన పోయినదా? రజకులు బట్టలారవేయు చోటు ఏమైనది? బొమ్మనుండి తొలగింపబడినవారు ఊరినుండి తొలగింపబడుటకు ఎక్కువ కాలము పట్టదు.

మరి రెండు చిన్న మాయలు కలవు. ఆకాశమునుండి క్రిందికి చూపినచో ఎంత భవనమైనను అగ్గిపెట్టెవలె కనబడును. మనము పక్షులము కాము, వీధిలో నడచువారము. కావున మనిషి కంటి ఎత్తున, అనగా సుమారు ఐదడుగుల ఎత్తునుండి చూపుమని అడుగవలెను. ప్రక్క ఇంటి వాకిటి నుండి, బడికి వచ్చు దారినుండి, బస్సు ఆగు చోటునుండి చూపుమనవలెను. రెండవ మాయ చెట్లు. బొమ్మలో చెట్లన్నియు ఎదిగి నీడ నిచ్చుచుండును. నేడు నాటు మొక్క అంత నీడ నిచ్చుటకు పదిపదిహేనేండ్లు పట్టవచ్చును. చెట్లు తీసివేసి ఒకసారి చూపుమనుటలో తప్పులేదు.

వెదురు గడలతో సరిచూచుట

తెరపై చూచినదానిని నేలపై సరిచూచుకొను మార్గమొకటి కలదు. స్విట్జర్లాండు దేశములో క్రొత్త భవనమునకు అనుమతి కోరువారు ముందుగా ఆ స్థలములో గడలు పాతి, రాబోవు భవనపు మూలలను, ఎత్తును, కప్పు వాలును చూపవలెనను నియమము పెక్కు ప్రాంతములలో అమలులో ఉన్నది. ప్రజలు అభ్యంతరములు తెలుపు గడువు ముగియువరకు ఆ గడలు నిలిచియుండవలెను. దారిని పోవు ప్రతివాడును తలయెత్తి చూచి, ఇంత ఎత్తు వచ్చునని తెలిసికొనును. కంప్యూటరు పటములు ఎన్నియో ఉన్న దేశములో సైతము ఈ గడల పద్ధతిని విడిచిపెట్టలేదు.

ఇది మనకు క్రొత్త కాదు. ఇల్లు కట్టుటకు ముందు నేలపై ముగ్గు పోయుట మన మేస్త్రీలు చేయుచునే యున్నారు. ఆ ముగ్గు మూలలలో నాలుగు వెదురు గడలు పాతి, భవనపు ఎత్తున ఎర్రగుడ్డలు కట్టి, తాడు లాగినచో చాలును. ఊరిలో పెండ్లిపందిరి వేయువారు ఒక పూటలో ఈ పని చేయుదురు. అవి వారము దినములు నిలిచినచో, సభకు రానివారును, రాలేనివారును, వచ్చి మాటాడనివారును చూతురు. పటములోని పెట్టె, నేలపైని గడలు ఒకదానితో ఒకటి సరిపోయినచో పటమును నమ్మవచ్చును. సరిపోనిచో తప్పు ఎచ్చట ఉన్నదో సిమెంటు రాకముందే తెలియును.

గ్రామసభలో అడుగవలసిన ప్రశ్నలు

భవన ప్రతిపాదన గ్రామసభకు వచ్చినపుడు సభ్యులు ఈ క్రింది ప్రశ్నలను అడిగి, సమాధానములను తీర్మాన పుస్తకములో వ్రాయించుట మంచిదని సూచించుచున్నాము.

1. స్థలపు నాలుగు మూలలను సర్వేయరు కొలిచెనా, లేక చరవాణితో గుర్తించిరా?

2. పటమునకు ఆధారమైన చిత్రము ఏ సంవత్సరమున, ఏ నెలలో తీసినది? వానకాలపు చిత్రమును చూచితిమా?

3. నేల ఎత్తులు ఉపగ్రహము చెప్పినవా, ఇంజనీరు లెవెలు పెట్టి కొలిచినవా?

4. డిసెంబరులో ఉదయము, మధ్యాహ్నము నీడ ఎవరి వాకిటిపై, ఏ కల్లముపై పడును?

5. వాన నీరు నేడు ఏ దారిని పోవుచున్నది? భవనము వచ్చిన పిమ్మట ఏ దారిని పోవును?

6. నేటి పటములో ఉన్న బాటలు, బావులు, చెట్లు, ఉమ్మడి స్థలములు రేపటి పటములో అన్నియు ఉన్నవా? లేనివి ఏవి? అవి ఎందుకు లేవు?

7. ఇదే భవనమును వేరొక చోట నిలిపి చూచితిమా? కనీసము రెండు చోట్లను పోల్చితిమా?

8. స్థలమునకు చుట్టునున్న ఇండ్లవారు, ముఖ్యముగా స్త్రీలు, ఈ బొమ్మను చూచిరా?

చివరి ప్రశ్నను తేలికగా తీసికొనరాదు. నీరు మోయువారు, పిల్లలను అంగన్‌వాడీకి కొనిపోవువారు, చీకటిపడిన పిదప ఇల్లు చేరవలసినవారు దారి మలుపులను అందరికంటె బాగుగ ఎరుగుదురు. తెరను పంచాయతీ కార్యాలయములో మాత్రమే పెట్టినచో వచ్చువారు కొందరే. ఒక సాయంకాలము ఆ వీధిలోనే తెల్లగోడపై బొమ్మ వేసి చూపినచో వాడవారందరును వత్తురు.

పని మంజూరైన తరువాతను పటము పని ముగియదు. పంచాయతీ పనులకు మొదలు పెట్టకముందు ఒకటి, జరుగునపుడు ఒకటి, ముగిసిన పిదప ఒకటి చొప్పున చోటు అంకెలతో కూడిన ఛాయాచిత్రములు తీసి భద్రపరచుటకు ఎంయాక్షన్‌సాఫ్ట్ అను సాధనము ఏర్పాటైనది. ఆ మొదటి ఛాయాచిత్రమును, సభకు చూపిన బొమ్మను, ముగిసిన భవనపు ఛాయాచిత్రమును ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, చెప్పినది ఏమి, కట్టినది ఏమి అనునది ఎవరికైనను తెలియును. తరువాత వచ్చు సభ్యులకు అదియే మంచి పాఠము.

పంచాయతీలకు ఈ పనికై పెద్ద ఖర్చేమియు అక్కరలేదు. గ్రామ సర్వేయరు, ఇంజనీరింగు సహాయకుడు ఉన్నచోట వారిచేత చేయింపవచ్చును. లేనిచోట మండల ఇంజనీరును కోరవచ్చును. కంప్యూటరు నేర్చిన ఊరి యువకులను, యువతులను తోడుగా పిలువవచ్చును. ఊరి పటము తమ చేతులతో వేసినవారు ఊరి మేలును మరువరు. కావలసినది ముఖ్యముగా ఒక అలవాటు. చుట్టుప్రక్కల పటము లేని ప్లానును సభలో చర్చకు తీసికొనరాదని పంచాయతీ తనకు తాను నియమము పెట్టుకొన్నచో చాలును.

పటము మనకు బదులుగా నిర్ణయము చేయదు. కల్లము ముఖ్యమా, రోడ్డుకు దగ్గర ముఖ్యమా అనునది ఊరివారు కూర్చుండి తేల్చుకొనవలసిన సంగతి. అందరికిని ఒకే దృశ్యమును చూపి, అందరును ఒకే విషయమును గురించి మాటాడునట్లు చేయుట మాత్రమే పటము చేయు పని. మీ పంచాయతీలో ఈ ఏడు ప్రతిపాదింపబడిన భవనము ఏదైన ఉన్నచో, దానితోనే ఈ పద్ధతిని ప్రారంభింపుడు. ముందు పటములో నిలుపుడు, పిదప వెదురు గడలతో నిలుపుడు. ఆ రెండింటిని ఊరు చూచి ఒప్పుకొన్న తరువాతనే ఇటుకతో నిలుపుడు.